ఎనిమిది రోజుల మౌన రిట్రీట్: ఒక సేవగా దాని బలం, బలహీనత

దేవునితో వ్యక్తిగత సహవాసాన్ని లోతు చేసుకోవాలనుకునే క్రైస్తవుల కోసం అనేక ధ్యానకేంద్రాలు ఎనిమిది రోజుల మౌన రిట్రీట్‌ను ఒక సేవగా నడుపుతున్నాయి. ఫోన్లు అప్పగించి, తోటివారితో మాటలు మాని, రోజుకొకసారి ఒక మార్గదర్శిని కలుస్తూ, మిగిలిన సమయాన్ని సువార్తలతోనూ ప్రార్థనతోనూ గడపడం దీని పద్ధతి. అలాంటి ఒక రిట్రీట్‌లో నేను పాల్గొన్నాను. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నా మెచ్చుకోలు ప్రధానంగా ఆ పద్ధతికి చెందుతుంది, నా ఫిర్యాదులు ఇలాంటి సేవను నడిపే ఏ కేంద్రమైనా ఆలోచించుకోదగినవి. తీర్పు ముందే చెబుతాను: ఈ సేవ తీసుకోదగినదే. అయితే కరపత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చువేసిన మౌనం, ప్రశాంతత, దైవసాన్నిధ్యానుభూతి అనే మూడింటి కోసం వెళ్ళేవారు సగం నిరాశతో తిరిగి వస్తారు. మార్గదర్శి ఎదుట కూర్చుని, ఆ రోజు ప్రార్థనలో నిజంగా ఏమి జరిగిందో నోరు తెరిచి చెప్పవలసి వచ్చే ఆ అరగంటే దీనికి ప్రాణం.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఇగ్నేషియస్ లొయోలా. 1521లో నేటి స్పెయిన్‌లోని పాంప్లోనా కోటను కాపాడుతుండగా ఫిరంగిగుండు తగిలి కాలు విరిగిన ఈ బాస్కు ప్రాంతపు యోధుడు, సొంత ఇంట్లో మంచం మీద కోలుకుంటూ, తాను కోరిన వీరగాథలు దొరకనందువల్ల క్రీస్తు జీవితాన్నీ పునీతుల చరిత్రలనూ చదివాడు. యుద్ధ విజయాల గురించి, ఒక గొప్పింటి స్త్రీ మెప్పు గురించి కన్న పగటికలలు ఆ కాసేపు తియ్యగా ఉండి, ముగిశాక మనసును ఎండబెట్టి వదిలేవనీ, పునీతుల్లా జీవించాలన్న తలంపులు మాత్రం ముగిసిన తరువాత కూడా సంతోషాన్ని నిలిపేవనీ అతడు గమనించాడు. ఆ గమనిక మరుసటి ఏడు మన్రేసా పట్టణంలో గడిపిన ప్రార్థనా జీవితంలో ఒక సాధనాక్రమంగా రూపుదిద్దుకోవడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో దానిని అతడు 'ఆధ్యాత్మిక సాధనలు' అనే చిన్న గ్రంథంగా తీర్చిదిద్దగా, పోప్ మూడవ పౌలు 1548లో ఆమోదించాడు. చదివి ఆనందించే గ్రంథం కాదది. సాధన చేయించేవాడి చేతిలో ఉండవలసిన సూచనల సంపుటి. ఈ సంగతి తెలియక దానిని కొని చదివి, ఇందులో ఏముందని పక్కన పెట్టినవారు తక్కువేమీ కాదు.

పూర్తి సాధనకు సుమారు 30 రోజులు పడుతుంది. అందులో నాలుగు 'వారాలు' ఉంటాయి: మొదటిది మన పాపాన్నీ దేవుని కనికరాన్నీ, రెండవది యేసు జీవితాన్నీ పరిచర్యనూ, మూడవది ఆయన శ్రమలనూ, నాల్గవది పునరుత్థానాన్నీ ధ్యానించేందుకు ఉద్దేశించినవి. ఎనిమిది రోజుల రిట్రీట్ దీనికి కుదించిన రూపం. ఆ కుదింపు వల్ల కలిగే నష్టం స్పష్టంగానే కనిపిస్తుంది. నేను వెళ్ళిన చోట మొదటి అంశానికి ధారాళంగా సమయం దొరికింది, శ్రమల ధ్యానం కూడా నిండుగానే సాగింది, పునరుత్థానం మాత్రం ఇంటికి బయలుదేరే హడావిడిలో చిక్కుకుపోయింది. మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడిన అధ్యాయాన్ని ఒక కన్ను గడియారం మీద పెట్టుకుని ధ్యానించవలసి రావడం ఆ అధ్యాయానికే అన్యాయం.

దినచర్య విషయానికి వస్తే, ఒక్కొక్కటి గంటసేపు సాగే నాలుగు ప్రార్థనా సమయాలు, ప్రతి గంట తరువాత ఆ గంటలో ఏమి కదిలింది, ఏమి కదలలేదు అని పరిశీలించుకునే పావుగంట, మార్గదర్శితో సంభాషణ, రాత్రి ఆత్మపరిశీలన ఉంటాయి. ఒక్కొక్క గంటకు సువార్తలోని కొన్ని వచనాలే ఇస్తారు. ఎక్కడ మనసు నిలిచిందో అక్కడే ఆగిపోవాలని, తరువాతి వచనానికి వెళ్ళాలన్న ఆతురత వద్దని ఇగ్నేషియస్ నియమం. అంతేగాక, ఉదయం ధ్యానించిన భాగాన్నే సాయంత్రం తిరిగి ధ్యానించమంటారు. ఎక్కడ బలమైన ఆదరణ (దేవుడు దగ్గరైనట్టు తోచే ఊరట) గాని ఎదురుతిరుగుడు గాని కలిగిందో అక్కడికే మరలా వెళ్ళమంటారు. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలన్న పట్టికలకు అలవాటుపడిన నాబోటి ప్రొటెస్టంట్ సంఘాలవారికి ఇది మొదట్లో కాలయాపనలా తోస్తుంది. కాని ఈ మొత్తం సేవలో మార్గదర్శి తరువాత నేను అత్యధికంగా విలువ కట్టేది ఈ పునరావృత్తికే. మొదటిసారి చదివినప్పుడు మనకు ముందే తెలిసిన అర్థం వచ్చి వాక్యం ముందు నిలబడుతుంది. ఆ అర్థం అలసిపోయి పక్కకు తప్పుకునేదాకా అదే వచనం దగ్గర కూర్చోవడానికి సాధారణ జీవితంలో ఎవరికీ తీరిక ఉండదు.

ఇక ఆ అరగంట. మార్గదర్శి బోధించడు, సలహాలు కురిపించడు, పాపాల జాబితా అడగడు. సాధన చేయించేవాడు సాధకుడి రహస్య ఆలోచనలనూ పాపాలనూ తెలుసుకోవాలని కోరకూడదనీ, అతనిలో కలిగే ఆత్మీయ చలనాల గురించి మాత్రం నమ్మకంగా తెలుసుకోవాలనీ ఇగ్నేషియస్ తేల్చి రాశాడు. ఫలానా నిర్ణయం వైపు నెట్టకూడదని, సృష్టికర్త తన సృష్టితో నేరుగా వ్యవహరించేలా వదిలిపెట్టి తాను తక్కెడ ముల్లులా మధ్యన నిలవాలని కూడా చెప్పాడు. సలహా ఇచ్చే అలవాటున్న మనుషులకు ఈ సంయమనం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. నాకు దొరికిన వృద్ధ మార్గదర్శినికి అది బాగా అబ్బింది.

ఒక ఉదాహరణ చెబితే ఈ సేవ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. మార్కు సువార్త పదవ అధ్యాయంలో, యెరికో దారిలో కేకలు వేస్తున్న గుడ్డివాడు బర్తిమయిని యేసు పిలిపించి, "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడుగుతాడు. ఆ ప్రశ్న నన్నే అడిగినట్టు ఊహించుకుని జవాబు చెప్పడం ఆ రోజు నాకిచ్చిన ధ్యానం. సంభాషణలో నేను, "నా విశ్వాసం స్థిరపడాలని అడిగానమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "అది మీరు అడిగిందా బాబూ, అడగాలని మీకు తెలిసిందా?" అన్నారు. అంతకు మించి ఆ రోజు ఆమె దాదాపు ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజంతా అదే భాగం దగ్గరికి తిరిగి వెళ్ళమన్నారు.

ఆ ప్రశ్న చేసే పని ఏమిటంటే, ప్రార్థనలో మనం దేవుని ముందు నిలబెట్టే మనిషినీ నిజంగా ఉన్న మనిషినీ విడదీయడం. సంఘ జీవితంలో ఏళ్ళ తరబడి ఉన్నవారికి ప్రార్థన భాష చక్కగా వచ్చేస్తుంది. ఏ సందర్భంలో ఏ వచనం ఎత్తుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుస్తుంది. ఆ భాషలో అబద్ధమేమీ ఉండదు గాని, అందులో మనం ఉండకపోవచ్చు. బర్తిమయి అడిగింది చూపు మాత్రమే. అతడు తన విశ్వాసం గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు, విశ్వాసమన్న మాట యేసు నోట వచ్చింది. భయం, అసూయ, ఎవరికీ చెప్పుకోని ఆశ, దేవుని మీదే ఉన్న కోపం వంటివాటిని పక్కన పెట్టి దేవునితో ఐక్యత కోరుకోవడమంటే, మనం లేని చోట ఆయనను కలుసుకోవాలనుకోవడమే. యోహాను మొదటి పత్రికలో సహవాసమూ సత్యమూ ఒకే వాక్యంలో ముడిపడి ఉన్నది ఇందుకే కావచ్చు: "ఆయనతో కూడ సహవాసముగలవారమని చెప్పుకొని చీకటిలో నడిచినయెడల మనమబద్ధమాడుచు సత్యమును జరిగింపకుందుము." యోహాను సువార్తలో ద్రాక్షావల్లి, తీగెల ఉపమానమున్న అధ్యాయంలోనూ క్రీస్తు ప్రేమలో నిలిచియుండడం ఆయన ఆజ్ఞలు గైకొనడంతో కలిసే వస్తుంది. వినయమంటే సత్యంలో నడవడమేనని 16వ శతాబ్దపు స్పానిష్ సన్యాసిని అవిలా తెరేసా చెప్పిన మాట నాకు ఇంతకు ముందు నీతిబోధలా వినిపించేది. ప్రార్థనకు సంబంధించిన ఆచరణాత్మక సూచనగా మొదటిసారి అర్థమైంది ఆ మార్గదర్శిని గదిలోనే.

ఈ సేవను ప్రచారం చేసే తీరుకూ ఇందులో నేర్పే విషయానికీ మధ్య ఒక వైరుధ్యం ఉంది. కరపత్రం ప్రశాంతతను వాగ్దానం చేస్తుంది. మనసులో కదిలే ప్రేరణల్లో ఏవి దేవునివో ఏవి కావో గుర్తుపట్టడానికి ఇగ్నేషియస్ రాసిన ఆత్మల వివేచన నియమాలు మాత్రం ఆదరణతో పాటు శుష్కస్థితి కూడా తప్పక వస్తుందన్న లెక్కతోనే మొదలవుతాయి. ప్రార్థన చప్పబడి, దేవుడు దూరమైనట్టు, వచ్చిందంతా వృథా అయినట్టు తోచే ఆ స్థితికి అతడు మూడు కారణాలు చెబుతాడు: మన నిర్లక్ష్యం ఒకటి, ఆదరణ అనే జీతం లేకపోయినా మనం ఎంతవరకు నిలుస్తామో చూసే పరీక్ష ఒకటి, ఆదరణ మన సంపాదన కాదని, అది కేవలం వరమని తెలిసిరావడం ఒకటి. శుష్కస్థితిలో ఉన్నప్పుడు, అంతకు ముందు ఆదరణలో చేసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదన్నది ఈ నియమాల్లో అత్యంత ఉపయోగకరమైనది. ప్రార్థన విసుగుపుట్టిస్తే గంట తగ్గించవద్దు, ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోండి అని చెప్పడం కూడా ఆ కోవలోదే. రిట్రీట్ నడిమి రోజుల్లో నాకు ఇదే ఎదురైనప్పుడు ఆ మార్గదర్శిని నన్ను బుజ్జగించలేదు, భయపెట్టలేదు; ఎప్పటినుంచి, ఏ ఆలోచన తరువాత, అని మాత్రం అడిగారు. ప్రశాంతత కొనుక్కోవడానికి వచ్చినవారికి ఇది సేవాలోపంలా కనిపించే ప్రమాదం ఉంది. అందుకే కరపత్రం మార్చుకుంటే కేంద్రానికే మేలు.

ఈ నియమాల్లో మరొక దానిని ప్రస్తావించకుండా ఉండలేను. శత్రువైన సాతాను రహస్యాన్ని కోరుకుంటాడని, తన మాటలు ఒక వివేకవంతుడి చెవిన పడగానే అతని పన్నాగం చెడిపోతుందని ఇగ్నేషియస్ అంటాడు. భక్తిలో ముందుకు సాగినవారి దగ్గరికి అతడు వెలుగుదూత వేషంలో వస్తాడని, మంచి ఆలోచనతో మొదలుపెట్టి చివరికి తన దారికి మళ్ళిస్తాడని, కాబట్టి ఆలోచన ఆరంభం, మధ్యం, అంతం మూడూ పరిశీలించాలని కూడా అంటాడు. 'దేవుడు నాతో మాట్లాడాడు' అన్న వాక్యాన్ని ఎవరూ ప్రశ్నించకూడదనుకునే వాతావరణంలో పెరిగినవారికి ఇదొక ఊరట. ఊహతో సువార్త దృశ్యంలోకి ప్రవేశించి ధ్యానించడం లేఖనానికి మన కల్పనను కలపడం కాదా అని నా సంఘంలోని పెద్దలు సందేహం వెలిబుచ్చారు. ఆ సందేహం న్యాయమైనదే. నాకు తోచిన జవాబు ఒకటే: ఈ పద్ధతిలో ఊహకు అధికారం ఇవ్వరు, అది బయటపెట్టిన మన కోరికలను పరీక్షకు పెడతారు. ఆ పరీక్ష లేని చోట మాత్రం పెద్దల భయమే సరైనది.

లోపాల్లో మొదటిది మార్గదర్శుల కొరత. ఒక్కొక్కరికి ఎక్కువమందిని అప్పగించడం వల్ల అరగంట అని చెప్పిన సంభాషణ కొన్ని రోజుల్లో అందులో సగానికి కుదించుకుపోయింది. బయట వరుసలో ఎదురుచూసేవారి అడుగుల చప్పుడు వింటూ ఎవరూ మనసు విప్పలేరు. రెండవది, సాయంత్రం పెట్టిన సామూహిక ప్రసంగం. ప్రసంగం బాగానే ఉంది, కాని రోజంతా ఒకే వచనం దగ్గర నిలిచిన మనసులోకి మరో అయిదారు విషయాలు దూర్చడం ఈ పద్ధతికే విరుద్ధం. ఎక్కువ జ్ఞానం ఆత్మను తృప్తిపరచదని, సంగతులను లోలోపల రుచిచూడడమే తృప్తినిస్తుందని బోధించే సాధనలో ప్రసంగాల అవసరమేమిటో నిర్వాహకులు ఆలోచించాలి.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది చివరి రోజు సాక్ష్యాల కార్యక్రమం. మౌనం విడిచిన కొద్దిసేపటికే ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి తమ అనుభవం చెప్పమన్నారు. మొదటి వ్యక్తి కన్నీళ్ళతో మాట్లాడారు. ఆ తరువాత ప్రతి సాక్ష్యమూ దాని కంటే కాస్త ఎత్తుకు వెళ్ళవలసి వచ్చింది. ఏమీ జరగలేదని చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికి ఉంటుంది? ఎనిమిది రోజులు కష్టపడి నేర్పిన నిజాయితీని ఒక్క గంటలో వెనక్కి తీసుకునే ఏర్పాటు ఇది. దీనికి తోడు, దేవుని సాన్నిధ్యాన్ని ఎంతగా అనుభవించారో అయిదింటిలో మార్కులు వేయమంటూ ఒక అభిప్రాయ పత్రం ఇచ్చారు. ఆ గడిని నేను ఖాళీగా వదిలేశాను. వసతికి, నిశ్శబ్దానికి మాత్రం పూర్తి మార్కులు వేశాను, అవి అందుకు అర్హమైనవే.

ఇది అందరికీ తగిన సేవ కాదు. ఇటీవలే ఆప్తులను పోగొట్టుకున్నవారు, తీవ్రమైన కుంగుబాటుతోనో ఆందోళనతోనో చికిత్స పొందుతున్నవారు వైద్యునితోనూ కేంద్రంతోనూ ముందుగా మాట్లాడకుండా ఇంత దీర్ఘమైన మౌనంలోకి వెళ్ళకూడదు. ప్రార్థనలో కలిగే శుష్కస్థితి వేరు, కుంగుబాటు అనే జబ్బు వేరు. రిట్రీట్ పేరుతో మందులు మానడం ఏ మార్గదర్శీ ప్రోత్సహించకూడని పని. దరఖాస్తులోనే ఆరోగ్యం గురించి అడిగే కేంద్రం తన పనిని బాధ్యతగా తీసుకుంటున్నదని అనుకోవచ్చు. ఇతర సంఘాలవారు తెలుసుకోవలసిన మరో సంగతి: ఇవి ఎక్కువగా కతోలిక కేంద్రాలు గనుక ప్రతిరోజూ దివ్యబలిపూజ ఉంటుంది, ఆ సంఘ నియమం ప్రకారం ఇతర సంఘాలవారు సాధారణంగా ఆ పూజలో ఇచ్చే అప్పాన్ని, అంటే సత్ప్రసాదాన్ని, స్వీకరించరు. కూర్చుని ప్రార్థించడానికి అభ్యంతరం ఉండదు. పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) కోరుకునే కతోలికులకు దానిని మార్గదర్శితో సంభాషణకు పూర్తిగా వేరుగా ఉంచడం కూడా మంచి ఏర్పాటే.

ఎనిమిది రోజులు ఇల్లు, ఉద్యోగం విడిచి వెళ్ళలేనివారిని ఇగ్నేషియస్ మరచిపోలేదు. పనుల ఒత్తిడిలో ఉన్నవారు రోజుకు గంటన్నర కేటాయించి ఇంటివద్దనే సాధన చేసే మార్గాన్ని ఆ గ్రంథంలోని 19వ సూచన తెరిచిపెట్టింది. దాని ఆధారంగానే ఇప్పుడు వారానికొకసారి మార్గదర్శిని కలుస్తూ నెలల తరబడి సాగే రిట్రీట్‌లు నడుస్తున్నాయి. నా దృష్టిలో సత్యం చొప్పున జీవించడమే లక్ష్యమైతే ఆ రూపమే మేలైనది. ఉదయం ప్రార్థనలో ఒకరిని క్షమించాననుకున్నవాడికి మధ్యాహ్నం ఆ వ్యక్తే ఎదురుపడతాడు. మౌన కేంద్రంలో ఆ పరీక్ష ఎదురుకాదు. ప్రార్థనను అలవాటు చేసుకునేందుకు ఏకాంతం కావలసినవారికి ఎనిమిది రోజులది మంచి ఆరంభం. మొబైల్ యాప్‌లలో దొరికే ధ్వని ధ్యానాలు సమయపాలనకు పనికొస్తాయి గాని, మన జవాబు విని ఎదురు ప్రశ్న వేసేవారు వాటిలో ఉండరు.

ఇంటికి తెచ్చుకోగలిగినది రాత్రి ఆత్మపరిశీలన ఒక్కటే, అయితే అది చిన్నదేమీ కాదు. రోజులో పొందిన మేళ్ళకు కృతజ్ఞత చెప్పడం, తన పాపాలను గుర్తించగల కృపను అడగడం, గంటగంటకు రోజును తిరిగి చూడడం, తప్పిన చోట క్షమాపణ అడగడం, రేపటి కోసం సరిదిద్దుకునే తీర్మానం చేసుకోవడం అనే అయిదు అంగాలు దానికున్నాయి. రెండవ అంగాన్ని చాలామంది దాటవేస్తారు. తన గురించిన నిజం తనకు తెలుసునని ఎవరికి వారు అనుకుంటారు కాబట్టి, దానిని అడిగి పొందవలసిన వరంగా భావించడం కష్టం. కేంద్రం ఇచ్చిన చిన్న పుస్తకం ఈ భాగాన్ని ఒక్క పేరాలో ముగించింది. రిట్రీట్ ముగిశాక నెలకొకసారైనా మార్గదర్శిని ఫోనులో సంప్రదించే వీలు కల్పించి ఉంటే ఆ లోటు కొంత తీరేది.

పేరు నమోదు చేసుకునే ముందు కేంద్రాన్ని కొన్ని విషయాలు అడగడం మంచిది. ఒక మార్గదర్శికి ఎంతమందిని అప్పగిస్తారు, వారు ఈ పనిలో శిక్షణ పొందారా, వారి పనిని గమనించే అనుభవజ్ఞులెవరైనా ఉన్నారా, గదిలో చెప్పిన మాట గదిలోనే ఉంటుందా అన్నవి తప్పనిసరి. మీ సంఘంలోనో సంస్థలోనో మీ మీద అధికారమున్న వ్యక్తినే మార్గదర్శిగా నియమిస్తామంటే ఒప్పుకోవద్దు. అలాంటి వ్యక్తి ఎదుట ఎంత మంచివారైనా మాటలను ఏరుకుంటారు. చివరి రోజు సాక్ష్యాల కార్యక్రమం తప్పనిసరి అని చెబితే, మీరు ఆ ఉదయమే బయలుదేరుతారని దరఖాస్తులోనే రాసి పంపండి.